ముందుగా మూలిగిన మనిషి

కళ్యాణదుర్గంలో లారీ దిగేసరికి మధ్యాహ్నం రెండయింది. ఏప్రిల్ నెల. అరవైల్లో వచ్చిన ఒక కరువు కాలం. గుంతకల్లు స్టేషన్ నుంచి మూడు లారీల్లో వచ్చాం. దారి పొడవునా ఎర్రటి గరపనేల, నల్లటి గుండ్ల గుట్టలు, అడుగు పగిలిన చెరువులు. ఇంజనుకు నీళ్ళ కోసం డ్రైవర్ ఒక ఊళ్ళో బండి ఆపాడు. ఒక ముసలమ్మ తన గేదెకు పెట్టుకున్న బిందె వెనక్కి లాక్కుంది.

"నీ బండి తాగితే నా ఎనుమేం తాగల్ల?" అంది.

మాది సైన్యంలో వైద్య విభాగం. నేను నర్సింగ్ సిపాయిని. సూదులు ఉడకబెట్టడం, కట్లు మార్చడం నా పని. హిందూపురం పక్క వాణ్ణి కాబట్టి భాష తెలుసని నన్ను ఈ పటాలంతో పంపారు.

సెలవులకు మూసిన ఒక బడి మాకిచ్చారు. రాతి గోడలు, బండల మిద్దె. చిన్న గదిలో ఆపరేషన్లు, పెద్ద గదిలో వార్డు. బయట కానుగ చెట్టు కింద వైర్‌లెస్ గుడారం. వార్డులో పన్నెండు మంచాలు పట్టించాం. మంచానికీ మంచానికీ జానెడు సందు. పొద్దెక్కాక కిటికీలు తెరిస్తే వడగాలి, మూస్తే ఉక్క. మనిషికి రెండు మగ్గుల నీళ్ళు. సిరంజిలు ఉడికించిన నీళ్ళతోనే తర్వాత పళ్ళేలు కడిగేవాళ్ళం.

ఆ సీమలో కడుపులో పుండుతో ఏళ్ళ తరబడి బాధపడేవాళ్ళు చాలామంది. కరువు సాయం కింద వాళ్ళకు ఆపరేషన్లు చెయ్యాలని మాకు ఆజ్ఞ. మా సర్జన్ మేజర్ దానికి ఒక పరిశోధన జతచేశాడు. యుద్ధరంగంలో నొప్పి మందు ఎప్పుడూ చాలదు. కోత కోసిన ప్రతివాడికీ గంటల ప్రకారం వెయ్యాలా, అడిగినవాడికి వేస్తే చాలా? అది తేల్చాలని ఆయన పట్టుదల.

ఎర్ర పెట్టెలో పెథిడిన్ అనే నొప్పి మందు. తెల్ల పెట్టెలో ఉప్పునీళ్ళు. సగం మంచాలకు ఎర్రది, సగం మంచాలకు తెల్లది, అవే గంటలకు, అదే సూదితో. ఎవరిది ఏ పెట్టో మేజర్‌కూ నాకూ మాత్రమే తెలుసు. నొప్పి అన్నవాడికి, ఏ మంచమైనా సరే, ఆ క్షణమే అసలు మందు. ఈ సంగతి రోగులందరికీ ముందే చెప్పి, ఒప్పుకున్నవాళ్ళనే చేర్చుకున్నాం.

నాకిచ్చిన ఆజ్ఞ చిన్నది. "నొప్పి ఉందా?" అని అడగాలి. మాట కలపకూడదు, మాట తియ్యకూడదు. మొహం చూసి మందు వెయ్యకూడదు.

"నీకు జాలి కలిగిన చోట మందు పోస్తే నాకు తెలిసేది నీ జాలి సంగతి, వాడి నొప్పి సంగతి కాదు" అన్నాడు మేజర్.

రెండో వారంలో ఒకే బండిలో ఇద్దరు గొర్రెల కాపరులు వచ్చారు. కంబదూరు మల్లప్ప, ముదిగుబ్బ ఓబులేసు. ఓబులేసు కూతుర్ని మల్లప్ప కొడుక్కి ఇచ్చారు. ఇద్దరికీ కడుపులో పుండే. పక్కపక్క మంచాలు కావాలన్నారు. వార్డు హవల్దార్ సరేనని ఇచ్చేశాడు. మా సీమలో పుట్టినవాడైతే, వియ్యంకుల పంతాలు తెలిసి, ఆ పని చేసేవాడు కాదు.

ఆపరేషన్ రోజు పొద్దున మల్లప్ప నాతో అన్నాడు. "మా బావకు మత్తు రోంత ఎక్కువియ్యప్పా. కాల్లో ముల్లిరిగితే ఊరు లేపుతాడు."

"నువ్వు గొర్రెకు మందు తాపేటప్పుడే కండ్లు మూసుకుంటావు. ఎవురు ముందర అరుస్తారో సూద్దాం" అన్నాడు ఓబులేసు.

"సూద్దాం."

హవల్దార్ నవ్వాడు. నేనూ నవ్వాను. ఓబులేసుకు ఎర్ర పెట్టె పడింది. మల్లప్పకు తెల్లది.

మర్నాడు మధ్యాహ్నం సూదుల వేళకు వెళ్ళాను. ఓబులేసు గోడకు ఆనుకుని ఉన్నాడు.

"నొప్పి ఉందా?"

"లే."

మల్లప్ప మొహం తడిసి ఉంది. నల్ల కంబళి మూల పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. నన్ను చూసి తీశాడు.

"నొప్పి ఉందా?"

పక్క మంచం వైపు చూశాడు. "మా బావకే లేదంట. నాకేముంటాది? లే."

మళ్ళీ కంబళి నోట్లో పెట్టుకున్నాడు. ఊపిరి గొంతు దాటి కిందికి దిగడం లేదు. పై కడుపు కోత అది. ఊపిరి లోతుగా తీస్తే కుట్లు లాగుతాయి, దగ్గితే చెప్పనక్కర్లేదు. అందుకని దగ్గు మింగేస్తున్నాడు. దగ్గకపోతే కఫం కింద చేరి ఊపిరితిత్తులు పాడవుతాయి. ఒళ్ళు పట్టుకుని చూస్తే కాలిపోతోంది. మా కత్తికి బతికి, జ్వరానికి పోయినవాళ్ళను అంతకుముందు చూశాను.

ఆపరేషన్ గది గుమ్మం దగ్గర నిలబడి మేజర్‌తో చెప్పాను. ఆయన చేతులు ఇంకొకరి కడుపులో ఉన్నాయి.

"నొప్పి అన్నాడా?"

"అనలేదు సార్. వియ్యంకుడు పక్కనున్నంతసేపు అనడు."

"ఎవరు?"

వియ్యంకుడంటే ఏమిటో హిందీలో చెప్పాను. చుట్టరికం అర్థమైంది ఆయనకు. పరువు అర్థం కాలేదు.

"అడిగే హక్కు వాడికుంది. ఒక్కడి కోసం ఆజ్ఞ మారిస్తే పన్నెండు మంచాల పనీ మట్టి. ఇది ముగించి వచ్చి చూస్తాను."

అది ఇంకో రెండు గంటలకు గానీ ముగియదని నాకు తెలుసు. మల్లప్పను వేరేచోటికి మార్చుదామంటే జాగా లేదు. వరండాలో వడగాలి. ఓబులేసునే కాసేపు బయటికి నడిపిద్దామని ఒక జవాన్ను తోడు తెచ్చుకున్నాను. అతను నెమ్మదిగా లేచి రెండడుగులు వేశాడు. అది చూసి మల్లప్ప మోచేతుల మీద లేవబోయాడు.

"మా బావ నడుస్తాండాడు. నేనేం తక్కువా?"

లేవలేకపోయాడు. కళ్ళు తేలేశాడు. పట్టుకుని పడుకోబెట్టాను. నేను చేసిన ప్రతి పనీ అతని మెడకు ఉచ్చు బిగించింది.

వరండాలో ఓబులేసును బల్ల మీద కూర్చోబెట్టాను. కానుగ చెట్టు కింద వైర్‌లెస్ ఆపరేటర్ గొంతు వినబడుతోంది.

"నీళ్ళ లారీ ఎక్కడ? ఓవర్."

"రేపు. ఓవర్."

"నిన్న కూడా రేపే అన్నారు. ఓవర్."

"ఔట్."

ఓబులేసుతో అన్నాను. "పెద్దాయనా, మీ వియ్యంకునికి జరమొచ్చింది. దగ్గలేకుండాడు. దగ్గకుంటే బతకడు. నొప్పి ఉండాదని ఒగ మాటంటే సూదేస్తాం. నీ ఎదర అనడు."

"ఇద్దరికీ ఒగే కోత కదప్పా. నాకు లేని నొప్పి వానికేడిది?"

జవాబు నా నాలుక మీదే ఉంది. చెప్పే వీల్లేదు. "నేను చెప్పకూడదు" అన్నాను.

అతను నా మొహం కేసి చాలాసేపు చూశాడు. గొర్రె ఎందుకు మేత ముట్టడం లేదో చూసే చూపు అది.

"అయితే నేను అరవల్లనా?"

"నేనట్ల చెప్పలేదు."

"నువ్వు చెప్పలేదులే." గోడవతలకి ఉమ్మేశాడు. "నా కూతురు ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ వాడు ఈ మాట ఎత్తుతాడు."

"ఎత్తుతాడు."

"ఎత్తనీ."

లోపలికి తెచ్చి పడుకోబెట్టాను. కాసేపు మిద్దె బండల కేసి చూస్తూ ఉన్నాడు. తర్వాత మొదలుపెట్టాడు.

"ఓయప్పా... సచ్చినా... ఆ సూదులాయప్పను పిలువండప్పా..."

వార్డంతా తలలు తిప్పింది. కోత పై కడుపున ఉంటే అతను చెయ్యి పొత్తికడుపు మీద పెట్టుకున్నాడు. మల్లప్ప అది గమనించే స్థితిలో లేడు. కంబళి నోట్లోంచి తీశాడు.

"బావా. అరిసినావా?"

"అరిసినా. ఇంగ నా వల్ల కాదు."

"ముందర నువ్వే."

"ముందర నేనే, బావా."

మల్లప్ప తల నా వైపు తిప్పాడు. గొంతు సన్నగా ఉంది. "అప్పా, నాకూ ఉండాది. నిన్నట్నుంచీ ఉండాది."

ఎర్ర పెట్టె తీసి సిరంజి నింపాను. మల్లప్పకు వేశాను. ఓబులేసు దగ్గరికి వెళితే చెయ్యి అడ్డం పెట్టాడు. "నాది తగ్గింది. పో."

అరగంటకు మల్లప్ప ఊపిరి కడుపు దాకా దిగింది. దిండు కోతకు అదిమిపెట్టి దగ్గించాను. కఫం తుప్పు రంగులో పడింది. పక్క మంచం నుంచి ఓబులేసు, "దగ్గు బావా, ఇంగోసారి" అంటూనే ఉన్నాడు.

మేజర్ వచ్చి ముందు మల్లప్ప ఛాతీకి గొట్టం ఆనించి విన్నాడు. తర్వాత ఓబులేసు కడుపు నొక్కాడు. ఓబులేసు మూలగడం మరిచిపోయాడు. మేజర్ నన్ను వరండాలోకి పిలిచాడు.

"ఏం చెప్పావు వాడికి?"

"మందు గురించి ఒక్క మాట చెప్పలేదు సార్."

"నేనడిగింది అది కాదు."

 ఆయన సిగరెట్ వెలిగించి గుట్టల వైపు చూశాడు. ఆ రెండు మంచాలనూ పరిశోధన నుంచి కొట్టేశాడు. సాయంత్రం కొత్త ఆజ్ఞ వచ్చింది. మంచాల మధ్య దుప్పట్లు కట్టాలి. చుట్టాలు పక్కపక్కన ఉండకూడదు. ముందు రోగిని దగ్గమనాలి, దగ్గగలిగాడో లేదో చూడాలి, ఆ తర్వాత అడగాలి. ఆ పరిశోధన చివరికి ఏం తేల్చిందో సిపాయిలకు ఎవరూ చెప్పలేదు.

జూన్‌లో గాలి తిరిగింది, వాన రాలేదు. గుడారాలు విప్పి, వచ్చిన దారినే గుంతకల్లు వెళ్ళి రైలెక్కాం. ఇంటికి వెళ్ళినప్పుడు మా నాయన, "కరువు సూసొచ్చినావా?" అన్నాడు. సూసినాను అన్నాను. ఈ సంగతి మాత్రం చెప్పలేదు. పెళ్ళిళ్ళలో ఒక మాట ఎన్ని ఊళ్ళు తిరుగుతుందో నాకు తెలుసు.

ఇప్పుడు ఆ ఇద్దరూ లేరు.

కుట్లు విప్పాక వాళ్ళు వెళ్ళిన రోజు కళ్ళ ముందు నుంచి పోదు. ఎద్దులబండిలో గడ్డి పరిచి ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టాం. మూల నమిలేసిన కంబళి మల్లప్ప భుజం మీద ఉంది. బండి కదలకముందే బండివాడికి చెప్పడం మొదలుపెట్టాడు. "ముందర అరిసింది ఎవురనుకున్నావు? మా వియ్యంకుడు." నవ్వు ఆపుకోలేక కడుపు పట్టుకున్నాడు. బండి గుంతలో పడి ఎగిరింది. ఎర్రదుమ్ము లేచింది. ఆ దుమ్ములోంచి ఓబులేసు వెనక్కి తిరిగి నన్ను చూశాడు. పెదవులు బిగించి తల అడ్డంగా ఊపాడు, చెప్పొద్దని.