గట్టు సాలు

బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు కొట్టే ముఠాలలో ఎర్రన్న ముఠాకు ఒక ఆచారం ఉండేది. కొత్తగా చేరినవాడికి గట్టు పక్క సాలు ఇచ్చేవారు. గాలికి ఒరిగి, ఒకదానితో ఒకటి పెనవేసుకున్న చెరుకంతా అక్కడే ఉంటుంది. బండ్లు కట్టే వేళకు సాలు మిగిల్చినవాడు మర్నాడు పనికి రాకూడదన్నది మరో కట్టుబాటు. ముఠా పెద్దగా ఎర్రన్న ఈ రెండింటినీ ఏళ్ల తరబడి నడిపించాడు. రెండూ ఒక్కడి మీదే పడితే ఏమవుతుందో ఎన్నడూ తూచి చూడలేదు.

లింబయ్య వచ్చాక తూచవలసి వచ్చింది. పోచంపాడు ప్రాజెక్టు ముంపులో ఊరు పోయి, భార్యాపిల్లలతో వచ్చి, చెరుకు తోట పక్కన గుడిసె వేసుకున్నాడు. పొమ్మంటే పోవడానికి అతనికి ఊరు లేదు. పసుపు తవ్విన చేతులు, చెరుకు కత్తికి కొత్త. మొదటి రోజు పొద్దు వాలేసరికి అతని సాలు సగం మిగిలింది.

"సూసినవా అన్నా? ఒక్కో చెరుకు గడకు దండం పెట్టి కొడుతుండు. రేపు రావద్దని చెప్పు," అన్నాడు హన్మండ్లు. ముఠాలో అతని కత్తికి మించిన వేగం లేదు.

ఎర్రన్న సాలు వెంట నడిచి మోళ్లు చూశాడు. అన్నీ నేలకు సమంగా తెగి ఉన్నాయి. పనిలో లోపం లేదు. మరి ఆలస్యం మనిషిదా, సాలుదా? ఒక్కరోజు సాక్ష్యంతో తేలేది కాదు.

"రేపొక్కదినం సూద్దాం. ఇగ సాళ్లు నేను పంచేది లేదు. గడ ముక్కలు పట్టుకుంట, తీయుండ్రి. పొట్టి ముక్క వచ్చినోనికి గట్టు సాలు."

మర్నాడు పొట్టి ముక్క హన్మండ్లుకు వచ్చింది. ఎవరో నవ్వారు. అతను నవ్వలేదు.

లింబయ్య తల ఎత్తకుండా కొట్టాడు. గుడిసె ముందు అతని భార్య ఈరవ్వ కట్టిన మూటలు విప్పకుండా కూర్చుంది. బండ్లు వచ్చేసరికి అతని సాలు అయిపోయింది. అందరికంటే ముందూ కాదు, వెనకా కాదు. గట్టు సాలులో మాత్రం చెరుకు నిలిచే ఉంది. హన్మండ్లు ముంజేతులు ఆకు కోతలతో ఎర్రబడ్డాయి.

కత్తులన్నీ ఆగిపోయాయి. అందరూ ఎర్రన్న ముఖంలోకి చూశారు. కట్టుబాటు ప్రకారం పోవలసినవాడు ఇప్పుడు హన్మండ్లు.

ముఠాలో సాయం అడిగితే తమవాళ్లనే అడుగుతారు, పరాయివాడిని అడగరు. హన్మండ్లు నడుము నిటారు చేసి గట్టు వైపు చూశాడు, తర్వాత లింబయ్య వైపు తిరిగాడు.

"లింబన్నా, జెర ఇటు రా. పొద్దు పోతుంది."

లింబయ్య కత్తి తీసుకుని సాలులోకి దిగాడు. "నువ్వు గడలు పట్టి గుంజు, నేను మొదలు కొడత. నిన్న గుంజెటోళ్లు లేకనే ఆగమైన."

చిక్కుపడ్డ చెరుకు గబగబా నేలకు ఒరగసాగింది. అది ఇద్దరి పని అని ఎర్రన్నకు అప్పుడు తేటతెల్లమైంది. బండ్లవాళ్లను ఇంకాసేపు ఆగమన్నాడు. ఆనాటి నుంచి అతని ముఠాలో గట్టు సాలుకు ఇద్దరిని పెట్టారు.

చివరి మోపు బండెక్కాక హన్మండ్లు చెమట తుడుచుకుంటూ అన్నాడు:

"రేపు పొద్దుగాల్నే రా. ఆలిశం చేస్తే ఊకోను."