సంక్షేమంలోని ‘సం’

తొంభైల నాటి ఏ వేసవిలోనైనా, పిల్లలు ఊళ్లకు వెళ్లిపోగానే, వేరే ఇల్లులేని వంటమనిషి మునెమ్మ పుంగనూరు సంక్షేమ వసతిగృహంలో ఒంటరిగా మిగిలిపోయేది. పెద్ద గుండిగలు తోమి బోర్లించి, తనకు గుప్పెడు బియ్యం వండుకుని, గడపలో గోడవైపు తిరిగి తినేది. ఒక మధ్యాహ్నం, భార్య పోయిన తెలుగు పండితులు యతిరాజులుగారు అటుగా పోతూ ఆగి నీళ్లడిగితే, చెంబందిస్తూ గుమ్మం మీది వసతిగృహం బోర్డు చూపింది.

“సంక్షేమమంటే ఏంది అయ్యోరా?”

“క్షేమమంటే భయంలేకుండా నివసించడమమ్మా. ‘సం’ అంటే కలిసి.”

“అయితే ఎండాకాలం ఆ ‘సం’ గూడా పిల్లోళ్లతో బస్సెక్కి పోతాండాది సామీ!” అని నవ్వుతూనే కొంగుతో కళ్లొత్తుకుంది.

మరునాడు ఆయన తన క్యారియరు తెచ్చి ఆ గడపలోనే విప్పారు. మునెమ్మ గోడను విడిచి మనిషివైపు తిరిగి ముద్ద కలిపింది. ఆ తల్లినీ, బడి తెరవగానే మళ్లీ నిండే ఆమె ఇంటినీ ఆ ఒక్క అక్షరం ఎన్నడూ ఎడబాయకుండుగాక!