తోటికోడలి పెట్టెలో నా పెట్టె

ఈ సంగతి ఎప్పుడో రాయాల్సింది, కానీ నలభై దాటేదాకా నాకు అక్షరం ముక్క రాదు, వచ్చాక కూడా వాక్యం వెనక వాక్యం పేర్చడానికి చాలా ఏళ్లు పట్టింది. మొన్న మా కోడలు కొత్త ఫోను కొనిచ్చి, నేను చూస్తుండగానే నా పేరుతో మెయిలు పెట్టె తెరిచి చేతిలో పెట్టింది. అడక్కుండా వచ్చిన ఆ పెట్టెను చూస్తే, ఒకప్పుడు పోట్లాడి తెచ్చుకున్న పెట్టె గుర్తొచ్చింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. మేము కల్లూరులో ఉండేవాళ్లం. మా ఆయనకు డోన్‌లో మోటార్ల అంగడి, ఇంట్లో మాత్రం కంప్యూటరే లోకం. ఆయనలాంటి సరదా ఉన్నవాళ్లు తలా ఒక ఊళ్లో ఫోను తీగకు కంప్యూటరు తగిలించి బులెటిన్ బోర్డు నడిపేవారు; ఒక కంప్యూటరు ఇంకొకదానికి ఫోను చేసి, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన మన తెలుగు జాబులు ఇచ్చిపుచ్చుకునేది. వచ్చే జాబులకొక ఫోల్డరు, పోయే జాబులకొకటి, ఇంట్లో మనిషికొకటి, నేను పప్పుల డబ్బాలు సర్దుకున్నట్టే సర్దేవాడు. ఏ జాబు ఏ దారిన వచ్చి ఎందులో పడాలో కుదిర్చే ఆ పనిలో ఆయన పక్కన కూర్చునేది నా తోటికోడలు, కడపలో డిగ్రీ చదివిన పిల్ల. నేను టీ తెచ్చిపెట్టి వెనక నిలబడేదాన్ని. వాళ్ల మాటలు ఒక్కటీ అర్థమయ్యేవి కావు గానీ, ఇద్దరూ ఒకేసారి నవ్వితే ఖాళీ గ్లాసులు చప్పుడయ్యేటట్టు ఎత్తుకుపోయేదాన్ని.

రాయచోటిలో మా చెల్లెలి మొగుడికీ ఇదే పిచ్చి. చెల్లెలు జాబు రాస్తానని కబురు చేస్తే, నాకూ అట్లాంటి ఫోల్డరు, అదే జాబుల పెట్టె, కావాలని పట్టుబట్టాను.

"నీకేంటికే పెట్టె? సదివేదెవరు?" అన్నాడు మా ఆయన.

నేను వదల్లేదు. చివరికి పెట్టాడు గానీ, ఎట్లాగూ చదివి చెప్పేది ఆమే కదా అని, నా ఫోల్డరును తీసుకుపోయి తోటికోడలి ఫోల్డరు లోపల పెట్టాడు.

ఒక సాయంత్రం నా పెట్టెలోకి చెల్లెలి జాబు వచ్చింది. తోటికోడలు తెరిచి, లోలోపల చదువుకుని, ఫక్కున నవ్వింది.

"ఏమమ్మే, అంత నగేది ఏముండాది దాంట్లో?"

"ఏం ల్యాక్కా, అందరూ బాగుండారంట."

"బాగుంటే నీకేంటికి నగువు?"

అప్పుడు పూర్తిగా చదివింది. చిన్నప్పుడు నేను గంగిరెద్దుకు భయపడి జొన్నచేలో దాక్కున్న సంగతి. నేనూ నవ్వాను, కానీ ఆమె నవ్విన తర్వాత. నా చెల్లెలు నాకోసం దాచి పంపిన నవ్వు ముందు ఆమె తినేసి, మిగిలింది నాకు పెట్టినట్టుండింది.

ఇప్పుడెవరి పెట్టె వాళ్లది. చెల్లెలు రోజూ పంపే పూల బొమ్మలు కొన్ని తెరవకుండానే ఉండిపోతాయి. అయినా తోటికోడలి మీద ఆ కుళ్లు మాత్రం పోలేదు. నాకొచ్చిన మొదటి జాబు నాకంటే ముందు చదివింది ఆమే, అది ఇక మారేది కాదు.

ఆ జాబు వచ్చిన మరుసటి రోజు పొద్దున, మా ఆయన చెప్పులేసుకుంటుంటే వాకిలికి అడ్డం నిలబడి, నా పెట్టెను ఆ పెట్టెలో నుంచి బయటికి తియ్యమన్నాను. డోన్ బండి పోతాదన్నాడు. పోనీ అన్నాను. ఆయన కంప్యూటరు ముందు కూర్చుని తీశాడు. లేవబోతుంటే ఆపి, నా చూపుడువేలు చాచి, నా పేరులో మొదటి అక్షరం ఏ మీట మీద ఉందో దాని మీద ఆ వేలిని పెట్టమన్నాను.