బియ్యం టబ్బు ముందు నేను వేసిన లెక్క

మా అమ్మాయికి అయిదేళ్లు వచ్చినా అన్నం చేత్తో ముట్టుకునేది కాదు. పప్పు మెతుకు వేలికి అంటితే, కడిగేదాకా చెయ్యి గాలిలో పెట్టుకుని ఏడ్చేది. ఇసుకలో కాలు మోపేది కాదు. అంగన్‌వాడీలో పక్క పిల్ల భుజం తగిలితే కొరికేది. మేము దాన్ని మొండితనమనే అనుకున్నాం. "మహారాణి పుట్టిందిరా మనింట్లో, సెయ్యి మాసిపోద్దని బయం" అని మా అమ్మ నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి.

పిల్లల డాక్టరు చెబితే నరసన్నపేట నుంచి వారానికోసారి బస్సులో శ్రీకాకుళంలోని థెరపీ సెంటరుకి తీసుకువెళ్లడం మొదలుపెట్టాం. అక్కడ థెరపీ చేసేది విజయనగరం నుంచి వచ్చిన ఒక చిన్న వయసు అమ్మాయి. గదిలో గుడ్డ ఉయ్యాల, పెద్ద బంతి, ఒక టబ్బు నిండా బియ్యం. మొదటి మూడు వారాలు ఆ అమ్మాయి పాపను టబ్బు దగ్గరికే తేలేదు. ఉయ్యాల ఊపింది, బరువు పెట్టిన బుట్టను గది ఈ చివరి నుంచి ఆ చివరికి తోయించింది.

"ఉయ్యాలూపడానికి ఇంత దూరం రావాలేటి?" అని మా ఆవిడతో గొణిగాను. థెరపీ అమ్మాయి విన్నది.

"మనకి బియ్యం బియ్యంలాగే ఉంటుంది నాన్నగారూ. పాపకి ముళ్లలా గుచ్చుకుంటోందేమో. ఊగితే, బరువు తోస్తే ఒళ్లు కాస్త కుదుటపడుతుంది. అప్పుడు తనే చెయ్యి పెడుతుంది. మనం పట్టి పెడితే భయం పెరుగుతుంది, అంతే."

తల ఊపాను. ఇంట్లోనూ ఒక టబ్బులో బియ్యం పోసి పాప ముందు పెట్టమని ఒక కాగితం ఇచ్చింది. రోజుకో వరుస. ఒక గడిలో బియ్యంలో చెయ్యి ఎంత లెక్క వరకు ఉంచిందో రాయాలి, రెండో గడిలో తనంతట తాను పెట్టిందో లేదో రాయాలి.

నేను బియ్యం మిల్లులో కాటా గుమాస్తాని. చదివింది ఏడో తరగతి, లెక్కలు సొంతంగా నేర్చుకున్నవి. తేమ ఎంత, తరుగు ఎంత అంటే కాగితం చూడకుండా చెబుతాను. ఆ కాగితంలో వరుసగా మూడు రోజులు సున్నా పడింది. నాలుగో సున్నా రాయడానికి నాకు మనసొప్పలేదు.

పొద్దున్నే మా ఆవిడ కుళాయి దగ్గరికి వెళ్లగానే పాప మణికట్టు పట్టుకుని బియ్యంలో పెట్టాను. మా వైపు ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. అలవాటుగా "లాభం, రెండు" అన్నాను. అరవబోతే రెండో చేత్తో నోరు మూశాను. ఆ రోజు రెండు. మర్నాడు అయిదు. తర్వాత ఎనిమిది. రెండో గడిలో, తనే పెట్టిందని రాశాను.

"ఇయ్యాల పెట్టిందేటి?" అని బిందె దించుతూ మా ఆవిడ అడిగేది.

"పెట్టింది. ఎనిమిది."

ఆమె ఆ అంకెను వీధంతా చెప్పుకొచ్చేది.

తర్వాతి వారం థెరపీ అమ్మాయి కాగితం మీద వేలు పెట్టి చదివింది. "రెండు, అయిదు, ఎనిమిది, పదకొండు... ఒక్క రోజు కూడా తగ్గలేదా నాన్నగారూ?"

"లేదమ్మా."

"పిల్లల అంకెలు ఇలా మెట్లెక్కినట్టు ఎక్కవు. ఇంట్లో ఎలా చేస్తున్నారో ఒకసారి చూపిస్తారా?"

టబ్బు ముందు కూర్చున్నాను. పాప ఉయ్యాలలో ఉంది, అప్పటిదాకా నవ్వుతూనే ఉంది. "లాభం" అన్నాను. రెండు చేతులూ చంకల్లో దాచుకుని ఉయ్యాల లోంచి జారిపడి, మోకాళ్ల మీద పాక్కుంటూ వాళ్లమ్మ వెనక్కి పోయింది.

థెరపీ అమ్మాయి కొత్త కాగితం తీసి మా ఆవిడ చేతికిచ్చి, "మళ్లీ ఉయ్యాల నుంచి మొదలుపెడదాం అమ్మా" అంది.

తిరుగు బస్సులో మా ఆవిడ పాప మణికట్టు తిప్పి చూసింది. తర్వాత నాతో అంది: "దాని సెయ్యి ఎర్రగుందేటని నానడిగితే దోమ కుట్టిందన్నావు."

పాపను ఒళ్లోకి లాక్కుంది.

"నువ్వు రాసిన లెక్క తప్పదని ఊరందరికీ సెప్పుకున్నాను."

మళ్లీ సున్నాలే పడ్డాయి. ఆ వానాకాలమంతా పడ్డాయి. ఒక రోజు వేలి కొసలు పెట్టింది, మూడు రోజులు మానేసింది, మళ్లీ పెట్టింది. పొడి అటుకులు చేత్తో తిన్నది. ఎండలు ముదిరేనాటికి పప్పన్నం కలుపుకుంది. బడిలో పక్క పిల్లను ఆనుకుని కూర్చుంటోందని పంతులమ్మ చెప్పింది. ఇవన్నీ గోడకు అంటించిన కాగితంలో మా ఆవిడ రాసినవి, నేను చదువుకున్నవి. ఒక్కటీ కళ్లారా చూడలేదు.

నేను గుమ్మంలోకి వస్తే పాప బియ్యంలోంచి చెయ్యి తీసేస్తుంది. ఏడవదు. గౌనుకు తుడుచుకుని, నేను వెళ్లేదాకా చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడుతుంది. అందుకని మిల్లు నుంచి రాగానే అరుగు మీదే కూర్చుంటాను, "టబ్బుకి మూతెట్టేసినాం, రా" అని మా ఆవిడ లోపలి నుంచి చెప్పేదాకా.