దిమ్మెలకు బొట్లు

మొన్న పొద్దున కోరుట్లలో మా ఇంటి ముందర కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతుంటే, సిరిసిల్ల నుంచి మా మేనమామ కొడుకు ఫోనుకు వీడియో పంపించాడు. వాళ్ల బట్టల కంపెనీ షెడ్డులోకి క్రేనుతో కొత్త మిషన్లు దింపుతున్నారు. పూలదండలు, టపాసులు, మిఠాయిలు, కుర్చీలో కూర్చుని చేతులు జోడించిన ముసలి మామ, ఒకటే సంబరం. నేను మాత్రం ఆ జనంలో మా అన్న ఎక్కడున్నాడా అని వెతికాను.

మన ఈడువాళ్లకు సాంచాల సంగతి చెప్పనక్కరలేదు. ఆ మరమగ్గాల మోతలోనే పుట్టి, మోత ఆగితే నిద్రలోంచి ఉలిక్కిపడి లేచినవాళ్లం. మామ షెడ్డులో నేను దారం కండెలు చుట్టేదాన్ని, మా అన్న సాంచాలు నడిపేవాడు. పాత సాంచాల బట్టకు గిరాకీ పడిపోతోందని, కొత్తరకం మిషన్లు తెస్తానని, ఆ పని నేర్చుకు రమ్మని మామే అన్నను పైరాష్ట్రంలోని భివండికి పంపించాడు. అక్కడి సేటు అన్న పనితనం చూసి, జీతం పెంచి గది కూడా ఇస్తాను, ఉండిపొమ్మని బతిమాలాడట. మా వెర్రి అన్న మామకు మాటిచ్చానని బస్సెక్కి వచ్చేశాడు.

రాగానే షెడ్డులో ఒక పక్క సాంచాలు పీకించి తూకానికి అమ్మేసి, ఆ జాగాలో కొత్త మిషన్లకు సిమెంటు దిమ్మెలు పోయించాడు మామ. అన్నే దగ్గరుండి కంకర కలిపాడు. ఇక మిషన్లు దిగడమే తరువాయి అనుకుంటుండగా, సర్కారు చీరల ఆర్డరు ఈసారి ఉంటుందో ఉండదోనని గుసగుసలు లేచాయి. పాత బిల్లు రాలేదు. బ్యాంకువాళ్లేమో మిగిలిన సాంచాలను ఎగాదిగా చూసి, ఇవి తాకట్టుకు పనికిరావు, ఇల్లు పెట్టమన్నారు. ఇల్లు మాత్రం పెట్టనన్నాడు మామ. "మిషను దించినంక మల్ల ఎత్తుకపొమ్మంటె ఎవడు ఎత్తుకపోతడురా? ఆర్డరు పక్కా కానియ్యి, అచ్చే దసరాకు దింపుదం" అని అన్న భుజం తట్టాడు. ఆ మాటలో తప్పేముందని అప్పట్లో నాకూ అనిపించింది.

దసరా వచ్చింది. సాంచాలకు పూజ చేసేటప్పుడు ఆ ఉత్త దిమ్మెలకు కూడా పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టమన్నాడు మామ. అన్న భక్తిగా కొట్టాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమట అని మా అమ్మ మూతి తిప్పింది. ఆ తరువాత ప్రతి దసరాకూ అదే తంతు. ఆర్డరు వస్తే బిల్లు రాదు, బిల్లు వస్తే నూలు ధర మండిపోతుంది, అన్నీ కుదిరిన ఏడు ఎన్నికలొస్తాయి, ఎవరు గెలుస్తారో చూద్దామంటాడు. నూలు షావుకారు వచ్చినప్పుడు మాత్రం చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, బొట్లు పెట్టిన దిమ్మెలు చూపించి, పక్కనే అన్నను నిలబెట్టి, మా భివండి మేస్త్రీ అని చెప్పేవాడు. కంపెనీ పెరగబోతోందని నమ్మి షావుకారు నూలు అరువిచ్చేవాడు. దిమ్మెలతో పాటు మా అన్నను కూడా చూపించడానికే అట్టిపెట్టుకున్నాడని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మిషన్లు దిగి జీతం పెరిగాకే పెళ్లని అన్న పట్టుబట్టాడు. ఖాయం చేసుకున్న జగిత్యాల పిల్లను, కన్నవాళ్లు మాత్రం ఎంతకాలమని ఆపుతారు, పెగడపల్లిలో వేరే ఇంటికి ఇచ్చేశారు. ఆ రోజు నేను మామ ఇంటికి పోయి గొంతు చించుకున్నాను. "నేనాపిన్నా బిడ్డా వాని పెండ్లి? రేపు నా కంపెనీ మునిగితె వానికి పప్పన్నం ఎవడు పెడుతడు?" అన్నాడు తాపీగా. భివండి నుంచి మళ్లీ కబురొస్తే, మా ఆయన దారిఖర్చులిస్తానన్నా అన్న కదల్లేదు. "మామ మాటిచ్చిండు గద చెల్లె" అనేవాడు. నెత్తిన ఒక్కటి మొట్టాలనిపించేది. చూస్తుండగానే చూపు మందగించింది, దారం కనపడటం మానేసింది, మామ అతడిని గేటు దగ్గర వాచ్‌మన్‌గా కూర్చోబెట్టాడు.

న్యాయంగా చెప్పాలంటే మామ ఆగి నష్టపోలేదు. తొందరపడి ఇల్లు తాకట్టు పెట్టి మిషన్లు కొన్నవాళ్లలో చాలామంది షెడ్లకు తాళాలు పడ్డాయి. మామ లెక్కే సరైనది, నన్ను కాల్చేసేదీ అదే. ఇప్పుడు అప్పు దొరికింది, మిషన్లొచ్చాయి, అంతా అద్దం మీద వేలితో నొక్కే పనట, దానికి బీహారు నుంచి పిల్లలొచ్చారు. అన్న నేర్చుకున్న రకం మిషన్లను భివండిలోనే తూకానికి అమ్మేస్తున్నారట. దిమ్మెల కొలతలు కొత్తవాటికి సరిపోకపోతే, బయటి కూలీలకెందుకు పైసలని, వాటిని పగలగొట్టే పని మామ కొడుకు మా అన్నకే చెప్పాడు.

వీడియో చూశాక అన్నకు ఫోను చేశాను. ఏడుస్తాడనుకున్నాను, కనీసం తిడతాడనుకున్నాను. "అప్పుడు మస్తు గట్టిగ పోసిన చెల్లె. సమ్మెటతోని కొట్టంగ కొట్టంగ రెక్కలు పోయినయి గని, ఒక పట్టాన పగులలే" అని మురిసిపోయాడు. కూలి ఇచ్చారా అని అడిగాను. మామ రేపిస్తానన్నాడట.

ఆ బీహారు పిల్లలు అడ్వాన్సు చేతిలో పడందే రైలెక్కలేదట. మాట మీద నిలబడే కాలం పోయిందని మన ఈడువాళ్లు నలుగురు కూడితే చాలు, వాపోతుంటారు. నేను ఊరికే వింటాను. పోనీయండి, పోతేనే మేలు.