తుగ్గలి పిల్ల, వాళ్ళ నాయన

మొన్న మోకాళ్ళ నొప్పికి ఆసుపత్రికి వెళితే, చిన్న వయసు డాక్టరమ్మ ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూసి, వయసులో బరువులేమైనా మోసేవారా అని అడిగింది. బాస్కెట్‌బాల్ ఆడేదాన్నంటే, నా నేత చీరనూ నెరిసిన జుట్టునూ చూసి నమ్మలేనట్టు నవ్వింది. మన ఈడు వాళ్ళు మాత్రం నమ్ముతారు.

ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో పుట్టిన నేను, డెబ్బైల మొదట్లో, హైస్కూలు ఆవరణలోని ఇనుప రింగు కింద ఓణీ నడుముకు బిగించి ఆడినదాన్ని. ఆ ఆటే నన్ను వ్యాయామ శిక్షణకు పంపి, తర్వాత ఆదోనిలో ఆడపిల్లల కాలేజీకి కోచ్‌గా తెచ్చింది. ఉద్యోగ విరమణ దాకా అక్కడే ఉండిపోయాను. మాది మట్టి కోర్టు. పత్తి వచ్చే రోజుల్లో మిల్లులకు పోయే బండ్ల నుంచి దూది ఎగిరొచ్చి సున్నపు గీతల మీద వాలితే, ఏది గీతో ఏది దూదో తెలియక పిల్లలు నవ్వుకునేవాళ్ళు.

ఎనభైల్లో ఒక ఏడు, తుగ్గలి వైపు పల్లె నుంచి పొడుగాటి పిల్ల ఒకతె వచ్చి హాస్టల్లో చేరింది. చేలో వేరుశనగ మోపులు బండి మీదికి విసిరిన చేతులు కాబట్టి, ఎంత దూరం నుంచి వేసినా బంతి రింగును వెతుక్కుంటూ పోయేది. ఆ పిల్లను నమ్ముకొనే అనంతపురం పోటీలకు జట్టును కూర్చుకున్నాను. తీరా బయలుదేరే ముందు, బిడ్డ నిక్కరు వేసుకొని ఆడుతోందని ఊళ్ళో ఎవరో చెప్పగా, వాళ్ళ నాయన ఇంటికి తీసుకుపోవడానికి వచ్చేశాడు. తీసుకుపోతే చదువూ అంతటితో సరి అని ఆ పిల్లకూ తెలుసు, నాకూ తెలుసు.

నేను వాదించలేదు. ఒక్కసారి ఆట చూసి పొమ్మన్నాను. ఆయన చెప్పులు కోర్టు బయటే విడిచి, తలగుడ్డ తీసి భుజాన వేసుకొని, చివరిదాకా నిలబడే చూశాడు. అయిపోయాక మెల్లగా అడిగాడు.

“ఈ ఆటతో మా పాపకు ఏమొస్తాదమ్మా?”

ఉద్యోగం వస్తుందని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

“అది నాకూ తెలీదన్నా. నాకైతే బయం పోయింది.”

ఆయన తలగుడ్డ చుట్టుకొని చెప్పులు తొడుక్కున్నాడు. తర్వాత, ఊరికి తీసుకుపోదామని సర్దించిన కూతురి సంచిని హాస్టల్ గుమ్మంలో మళ్ళీ దించి, ఒక్కడే బస్సెక్కి వెళ్ళిపోయాడు.

అనంతపురంలో మేము గెలవలేదు. చివరి ఆట ఓడిపోయి పిల్లలంతా ఏడుస్తూ కూర్చున్నప్పుడు, జనంలోంచి ఆయన లేచి రావడం చూసి ఆశ్చర్యపోయాను. మాకెవరికీ చెప్పకుండా వచ్చి అంతసేపూ చూస్తూనే ఉన్నాడన్నమాట. బిడ్డ మోకాలికి అంటిన మట్టిని తలగుడ్డ కొసతో తుడుస్తూ, “ఏడ్సొద్దులేమ్మా, బాగా ఆడినావు” అన్నాడు. నేను ముఖం అటు తిప్పుకున్నాను. ఆ పిల్ల చదువు ముగించి, కోడుమూరులో వ్యాయామ ఉపాధ్యాయిని అయి, తన శిష్యురాళ్ళను మా కాలేజీకే పంపుతూ వచ్చింది.

ఆ తర్వాత ఎన్ని జట్లో, ఎందరు పిల్లలో. పేర్లు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి. ఇటీవల కాలేజీ వైపు వెళితే సిమెంటు కోర్టు ఉంది, దీపాలున్నాయి, సాయంత్రమైనా ఒక్క పిల్ల లేదు. అందరూ ఎంట్రెన్సు కోచింగులకు పోయారట. నేను జీవితమంతా చేసిందీ కోచింగే, కానీ ఆ మాటకు ఇప్పుడు అర్థమే వేరు. అప్పట్లో ఒక్కొక్క పిల్ల కోసం ఒక్కొక్క తండ్రిని బతిమాలుకోవలసి వచ్చేది. ఇప్పుడు ఏ తండ్రీ వద్దనడు, కానీ ఏ పిల్లకూ సాయంత్రం లేదు.