సౌండాయన చెవి

మా సమావేశ మందిరంలో వెనుక గోడకు ఆనుకొని ఒక బల్ల, బల్ల మీద మైకుల ధ్వనిని హెచ్చించి తగ్గించే మిక్సర్, దాని వెనుక ఒక కుర్చీ ఉండేవి. మందిరం కట్టిననాటి నుండి ఆ కుర్చీ ఒక్కరిదే. ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరేమిటో మందిరం మేనేజరుకు సైతం తెలియదు. అందరికీ ఆయన సౌండాయన. వైర్లు చుట్టి సర్దిపెట్టే ఆయన సతీమణి సౌండాయనగారి భార్య.

పని విషయంలో ఆయనది ఒకటే పద్ధతి. ముందు మిక్సర్, తరువాతనే యాంప్లిఫయర్ వేసేవారు. ఆపేటప్పుడు యాంప్లిఫయర్ ముందు. రెండూ వేశాక వేదిక మీది మైకును తెరచి, దాని మీటను మెల్లగా పైకి జరుపుకుంటూ పోయేవారు. ఒక హద్దు దాటగానే స్పీకర్లో నుండి వచ్చిన ధ్వనే తిరిగి మైకులో దూరి, సన్నగా కూత పెడుతుంది. ఆ కూత చెవిన పడిన తక్షణమే మీటను వేలెడంత దించి, అక్కడ ఒక గుర్తు పెట్టుకునేవారు.

"కూత వచ్చేదాకా పెంచు, వేలెడు దించు. ఇంతకుమించి ఇందులో వేదాంతం ఏమీ లేదు" అనేవారు. ధ్వని మితిమీరితే మిక్సర్ మీద వెలిగే ఎర్రదీపాన్ని ఆయన ఎన్నడూ లక్ష్యపెట్టలేదు. చెవి ఉండగా దీపం దేనికని ఆయన వాదన.

యాభై దాటిన కొన్నాళ్లకు ఆ చెవి సన్నని ధ్వనులను ఒక్కొక్కటిగా విడిచిపెట్టసాగింది. మాటలు వినబడేవి. తలుపు చప్పుడు వినబడేది. తలగడ పక్కనే మోగే గడియారం మాత్రం వినబడేది కాదు. ఈ సంగతి ముందుగా గ్రహించినది భార్యే. నాటినుండి ఆయన మిక్సర్ సిద్ధం చేసి టీ తాగడానికి లేవగానే, ఆమె గుడ్డ పట్టుకుని దుమ్ము తుడిచే నెపంతో, సన్నని ధ్వనులను పెంచే ట్రెబుల్ నాబును వెనక్కు తిప్పి, మీటను కొంత దించేది.

"దుమ్ములేని చోట తుడవడంలో నిన్ను మించినవాళ్లు లేరు" అని ఆయన వేళాకోళం చేసేవారు.

"మీకు కనబడకపోతే లేనట్టేనా?" అని ఆమె.

నిజం చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. ఆ కుర్చీ లేనినాడు ఈ మనిషి ఏమైపోతాడో ఆమె ఊహకు అందలేదు.

ఇట్లుండగా ఆమె చెల్లెలికి ఆపరేషన్ అవసరమై, ఆసుపత్రిలో తోడుండవలసి వచ్చింది. అదే రోజు మందిరంలో ఒక సంతాపసభ. మరణించినది బాలికల పాఠశాల ఉపాధ్యాయిని. ఆమెను కన్నతల్లి జీవించే ఉన్నది. కూతురిని గురించి నాలుగు మాటలు చెబుతానని ఆ వృద్ధురాలు తానే అడిగింది.

"ఏమండీ, పెద్దావిడ మాట్లాడతారట. ఆ ట్రెబుల్ కాస్త తక్కువలో పెట్టండి" అన్నది భార్య, బయలుదేరబోతూ.

"తాతకు దగ్గులు నేర్పుతున్నావా? వెళ్లి మీ చెల్లెల్ని చూసుకో."

"పోనీ, మేనేజరుగార్ని పక్కన కూర్చోబెట్టుకోండి."

"ఆయనకి మైకుకీ టార్చిలైటుకీ తేడా తెలీదు. వచ్చి వెలుగు చూపిస్తాడా?"

ఆమె గుమ్మంలో కాసేపు తటపటాయించి, వెళ్లిపోయింది.

ఖాళీ మందిరంలో ఆయన యథాప్రకారం మీటను పెంచారు. కూత వినబడలేదు. ఇంకొంత పెంచారు. పెద్దావిడ గొంతుకు ఈ మాత్రం ఉండాలని తృప్తిపడి, అక్కడే గుర్తు పెట్టుకున్నారు. మేనేజరు ఆ సమయంలో వీధి గేటు దగ్గర కుర్చీలు దింపిస్తున్నాడు.

మొదట మాట్లాడినవారు గట్టి గొంతువారు గనుక వారికి మీటను కిందనే ఉంచారు. వృద్ధురాలిని చేయి పట్టి తీసుకువచ్చి మైకు ముందు నిలబెట్టగానే గుర్తు దాకా జరిపారు. ఆమె "మా అమ్మాయి" అన్నది. సభలో అందరూ ఉలిక్కిపడ్డారు. వృద్ధురాలు మాట మింగేసింది.

మేనేజరు వేదిక పక్క నుండి చేతులు ఊపాడు. వైరులో లోపమనుకుని సౌండాయన వైరు మార్చి, "మాట్లాడండమ్మా" అని సైగ చేశారు. "మా అమ్మాయి చిన్నప్పుడు" అన్నది ఆమె. మళ్లీ అంతే. మైకు మార్చారు. ఆ మైకును మిక్సర్లో మరొక చానెల్‌కు మార్చారు. మార్చిన ప్రతిసారీ ఆయన చెవికి అంతా సవ్యంగానే ఉన్నది.

"నేను మాట్లాడితేనే ఇలా అవుతోందా నాయనా?" అన్నది వృద్ధురాలు. "పోనీలే, ఊరుకుంటాను."

చివరి వరుసలో ఒకాయన పక్కవానితో విసుగ్గా అన్నాడు: "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందయ్యా. అక్కడ అంతలా చేతులు ఊపుతున్నా ఆపడేం?"

ఆ బొంగురు గొంతు సౌండాయనకు స్పష్టంగానే వినబడింది. గట్టిగా బదులు చెప్పబోయి అటు తిరిగారు. ఆ మనిషి రెండు అరచేతులూ చెవుల మీద ఉన్నాయి. పక్కవానివీ అంతే. ముందు వరుసలలో ఆడవారు, వేదిక మీద పెద్దలు, అందరూ చెవులు మూసుకునే ఉన్నారు. మిక్సర్ మీద ఎర్రదీపం వెలుగుతున్నది. ఆయన చెవులలో మాత్రం ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప మరేమీ లేదు. భార్య అన్నాళ్లుగా తుడిచిన దుమ్మేమిటో ఆయనకు అప్పుడు తెలిసింది.

యాంప్లిఫయర్ ఆపారు. తరువాత మిక్సర్ ఆపారు. వేదిక దాకా నడిచి వెళ్లి, మైకును స్టాండుతో సహా పక్కకు తీశారు.

"తప్పు మీది కాదమ్మా, మైకుదీ కాదు. నా చెవి పోయింది. మీరు మామూలుగా మాట్లాడండి, వీళ్లే దగ్గరకొస్తారు."

జనం కుర్చీలు ముందుకు జరుపుకున్నారు. వృద్ధురాలు చాలాసేపు మాట్లాడింది. మధ్యలో ఒకసారి అందరూ నవ్వారు, తరువాత చాలామంది కన్నీళ్లు తుడుచుకున్నారు. సౌండాయన తన స్థానానికి తిరిగి వెళ్లి కూర్చున్నారు. అంతదూరానికి ఆమె పెదవులు కదలడమే కనబడుతున్నది. ఆయన కుర్చీ జరుపుకోలేదు.

సాయంత్రం ఆసుపత్రి వరండాలో బెంచీ మీద భార్య పక్కన కూర్చున్నారు. చెల్లెలికి ప్రమాదం లేదని ఆమె చెప్పింది.

"సభ ఎలా జరిగింది?"

"పెద్దావిడ చాలా బాగా మాట్లాడిందట."

"అట అంటారేమిటి, మీరక్కడ లేరా?"

"ఉన్నాను."

ఆమె ఆయన ముఖంలోకి చూసి, చూపు దించుకున్నది.

"రేపు మేనేజరుకి చెప్పొస్తాను, వేరే మనిషిని చూసుకోమని" అన్నారు ఆయన.

ఆమె కాదనలేదు.